బహుమతి లేని పోటీలో గెలిచిన కీర్తనకారుడు



ఆగమన ఆదివారాలు దగ్గరపడుతున్నాయంటే నిజామాబాద్ పట్టణంలోనూ, బోధన్, ఎడపల్లి, రెంజల్, వర్ని, కోటగిరి పల్లెల్లోనూ మన గుడులు సాయంత్రాలు కళకళలాడతాయి. యవ్వనస్థులు కీబోర్డు, ప్యాడ్స్, తబలా సర్దుకుంటారు. స్త్రీల మైత్రి వారు ఒక పక్క, సండేస్కూలు పిల్లలు మరో పక్క పాటలు నేర్చుకుంటారు. పాటల పోటీ ఉన్న చోట పట్టుదల ఇంకా ఎక్కువ. ఎవరి గొంతు బాగుంది, ఎవరు శ్రుతి తప్పలేదు, ఏ గుంపు చక్కగా కలిసి పాడింది అని పెద్దలు మార్కులు వేస్తారు. గెలిచినవారికి షీల్డు, మిగిలినవారికి స్టీలు గిన్నెలు.

ఇదంతా మంచిదే. అయితే ఈ పోటీలన్నీ పాడేవారికే. పాట కట్టేవారి కోసం మనం పోటీ పెట్టడం చాలా అరుదు. మన గుడి వెనుక వరుసలో కూర్చునే ఏ అమ్మాయో, కోత కూలికి వెళ్లి వచ్చే ఏ అబ్బాయో నోటుబుక్కులో రాసుకున్న నాలుగు చరణాలను ఎవరు వింటున్నారు? ఎవరు సరిచేస్తున్నారు? కొత్తగా రాసేవారిని గాయక బృందాల ముందుకు తెచ్చే పోటీ మన ప్రాంతంలోనూ ఉండాలని మేము కోరుతున్నాము. అది ఎలా ఉండాలో ఆలోచించేటప్పుడు మాకు ముందుగా గుర్తుకు వచ్చినవారు పురుషోత్తమ చౌదరి గారు. ఆయన పేరు తెలియని తెలుగు సంఘం ఉండకపోవచ్చు. ఆయన జీవితం తెలిసినవారు మాత్రం తక్కువ.

పురుషోత్తమ చౌదరి గారు 1803లో గంజాం సీమలోని మదనాపురంలో పుట్టారు. అప్పుడది మద్రాసు ప్రెసిడెన్సీకి ఉత్తరపు అంచు. ఊరు దాటితే ఒడియా, వెనక్కి తిరిగితే తెలుగు. వారిది బెంగాల్ నుంచి వచ్చి స్థిరపడిన బ్రాహ్మణ కుటుంబం, వైష్ణవ భక్తి గల ఇల్లు. తెలుగు, ఒడియా, సంస్కృతం ఆయనకు చిన్ననాటి నుంచే అలవడ్డాయి. పురాణ పఠనం, భజన, కీర్తన ఆ ఇంటి గాలిలోనే ఉండేవి. తంజావూరు సీమలో త్యాగరాజ స్వామి ఇంకా బ్రతికి ఉండి కీర్తనలు కడుతున్న కాలమది. భద్రాచల రామదాసు కీర్తనలు తెలుగు ఊళ్లలో భజన గుంపుల నోట ఉండేవి. భగవంతుని దగ్గర మొరపెట్టుకోవాలంటే తెలుగువాడికి కీర్తనే దారి.

సంగీత సాహిత్యాలు ఒంటబట్టిన ఆ యువకుని లోపల ఒక ప్రశ్న ఉండేది. పాపం పోయేది ఎలా? వ్రతాలు చేసినా, తీర్థాలు తిరిగినా అది తీరలేదు. తెలుగులో అచ్చయిన క్రైస్తవ కరపత్రాలు, కొత్త నిబంధన ఆ రోజుల్లోనే అక్కడక్కడా చేతులు మారుతున్నాయి. 1805లో విశాఖపట్నంలో లండన్ మిషన్ వారు పని మొదలుపెట్టారు. 1818 నాటికి తెలుగు కొత్త నిబంధన అచ్చులోకి వచ్చింది. పూర్తి బైబిలు కోసం తెలుగువారు 1850ల దాకా వేచి ఉండవలసి వచ్చింది. అలా చేతికందిన పుస్తకాల ద్వారా చౌదరి గారు క్రీస్తును గూర్చి తెలుసుకున్నారు. శ్రీకాకుళంలో సువార్త పని చేస్తున్న హెలెన్ నాట్ అనే దొరసాని ఆయనకు మరింత విశదపరిచారు. చదివి, అడిగి, వాదించి, ప్రార్థించి చివరికి 1833లో కటక్ వెళ్లి, అక్కడి ఆంగ్ల బాప్తిస్టు మిషనరీల దగ్గర బాప్తిస్మం పొందారు. అప్పటికి ఆయనకు ముప్పై ఏళ్లు.

ఈ రోజు మనం బాప్తిస్మం అంటే తెల్లబట్టలు, ఫోటోలు, విందు అనుకుంటాం. ఆ రోజుల్లో ఆయన స్థితిలో ఉన్నవారికి అది బ్రతికుండగానే ఇంటివారికి చనిపోవడం వంటిది. జందెం తీసేసినవాడిని పంక్తిలో కూర్చోనివ్వరు. బంధువుల గడప తొక్కనివ్వరు. ఆయన భార్య మొదట ఒప్పుకోలేదు. ఆ ఎడబాటు ఆయనను ఎంత కుంగదీసి ఉంటుందో, పెళ్లయి పిల్లలున్న ఏ పాఠకునికైనా మేము చెప్పనక్కరలేదు. కొంతకాలానికి ఆమె కూడా ఆయన త్రోవలోకి వచ్చారు. దేవుడు ఆ ఇంటిని తిరిగి కట్టాడు. అయితే ఆ నడిమి కాలపు కన్నీళ్లు ఎక్కడికీ పోలేదు. అవి పాటల్లోకి ఇంకిపోయాయని మేము నమ్ముతున్నాము. నన్ను విడువకుము, నీవు తప్ప నాకు దిక్కు లేదు అనే భావం ఆయన కీర్తనల్లో అంత లోతుగా పలకడానికి కారణం ఊహ కాదు, అనుభవం.

ఆ తరువాత ఆయన సువార్తికుడయ్యారు. కటక్, బరంపురం, శ్రీకాకుళం, విశాఖపట్నం, మద్రాసు ఇలా తీరం పొడుగునా తిరిగారు. సంతల్లో, రచ్చబండల దగ్గర, సత్రాల అరుగుల మీద బోధించారు. కరపత్రాలు రాశారు, శతకం రాశారు. కులభేదాన్ని ప్రశ్నిస్తూ రాసిన కులాచార పరీక్ష ఆయన రచనల్లో ముఖ్యమైనది. ఆ భేదం వల్ల లాభపడే కులంలో పుట్టినవాడే దానిని తప్పుపట్టాడన్నది మనం మరువకూడదు.

అయితే ఆయనను నేటికీ మన మధ్య నిలిపింది కీర్తనే.

అప్పటి స్థితి ఒకసారి ఊహించండి. తెలుగులో ఆరాధనకు పాటల పుస్తకం అన్నది ఇంకా సరిగా లేదు. మిషనరీలు తమ దేశపు పాటలను తెలుగు చేసి, తమ దేశపు రాగాల్లోనే పాడించేవారు. వారి భక్తిని మేము తక్కువ చేయడం లేదు. కానీ ఇంగ్లీషు పాటకు అక్షరాల లెక్క వేరు, ఊనిక వేరు. ఆ కొలతలో తెలుగు మాటలు కుక్కితే దీర్ఘం ఉండాల్సిన చోట హ్రస్వమవుతుంది, మాట నడుమ విరుగుతుంది. పాడేవాడికి నోరు తిరగదు, వినేవాడికి అర్థం కాదు. చదువు రాని విశ్వాసి ఆ పాటను ఇంటికి తీసుకుపోలేడు.

చౌదరి గారు మరో దారి తొక్కారు. తన చేతిలో ఉన్న కీర్తన ప్రక్రియనే ప్రభువుకు అప్పగించారు. రాగం, తాళం పెట్టి, పల్లవి, చరణాలుగా కట్టారు. యతి ప్రాసలు పాటించారు. ఇది అలంకారం కోసం చేసిన పని అనుకుంటే పొరపాటు. పల్లవి మాటిమాటికీ తిరిగి వస్తుంది కాబట్టి పుస్తకం లేనివారికి కూడా రెండోసారికే నోటికి వస్తుంది. చరణాన్ని ఒకరు ఎత్తుకుంటే మిగతావారు అందుకుంటారు. ప్రాస ఉంటే తరువాతి పాదం జ్ఞాపకం చేసుకోవడం తేలిక. అంటే చదువురాని సంఘానికి ఆ ప్రక్రియే పాటల పుస్తకమైంది. అదే కాలంలో తంజావూరులో వేదనాయగ శాస్త్రియార్ తమిళంలో ఇదే పని చేస్తున్నారు. కీర్తన పుట్టిన నేల మీద క్రైస్తవ కీర్తన కూడా పుట్టింది.

ఆయన నూరుకు పైగా కీర్తనలు రాశారు. క్రీస్తు జననం, సిలువ, పునరుత్థానం, పశ్చాత్తాపం, కృప, మరణ సమయపు నిరీక్షణ, ఇవే వాటి విషయాలు. ఆయన తరువాత పులిపాక జగన్నాథము, గొల్లపల్లి నతానియేలు వంటివారు అదే త్రోవలో నడిచారు. వీరందరి పాటలూ చేరి మనం నేడు ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు అని పిలుచుకునే పుస్తకంలో ఉన్నాయి. లూథరన్లు, బాప్తిస్టులు, మెథడిస్టులు, దక్షిణ ఇండియా సంఘం వారు ఎన్నో విషయాల్లో వేరైనా ఆ పుస్తకం దగ్గర ఒకటవుతారు. 1890లో, ఎనభై ఏళ్లు దాటిన వయసులో ఆయన ప్రభువు సన్నిధికి చేరారు. అప్పటికే ఆయన పాటలు ఆయన కాలు మోపని ఊళ్లకు చేరుతున్నాయి.

అలా చేరిన ఊళ్లలో మన ఇందూరు కూడా ఒకటి. నిజాం రాజ్యంలో వెస్లియన్ మెథడిస్టు మిషన్ వారు 19వ శతాబ్దం చివరి పాతికేళ్లలో పని ప్రారంభించారు. హైదరాబాదు నుంచి మెదక్‌కు, అక్కడి నుంచి నిజామాబాద్ వైపుకు సువార్త వచ్చింది. 1915లో డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ కుష్ఠురోగుల కోసం ఆసుపత్రి నెలకొల్పారు. నిజామాబాద్‌కు చెందిన రాజా నర్సాగౌడ్ దానికి ఉదారంగా సాయం చేశారు. 1924 క్రిస్మస్ నాడు మెదక్ మహాదేవాలయం ప్రతిష్ఠ జరిగింది. 1947లో ఈ సంఘాలు దక్షిణ ఇండియా సంఘంలో చేరాయి. మిషన్ వెస్లీ సోదరులది. ఆరువేలకు పైగా కీర్తనలు రాసిన చార్లెస్ వెస్లీ ఆ ఇంటివాడే. అయినా ఇక్కడి పల్లె సంఘాల గుండెల్లోకి దిగింది ఎక్కువగా గంజాం సీమ బ్రాహ్మణుడు కట్టిన తెలుగు కీర్తన.

ఇక్కడ మేము ఒక మాట దాచకుండా చెప్పాలి. చౌదరి గారి భాష సంస్కృత పదాలు నిండిన భాష. మన ప్రాంతంలో ఆ పాటలను అందుకున్నవారిలో ఎక్కువమంది బడి గడప తొక్కనివ్వని దళిత కుటుంబాలవారు. పదానికి పదం అర్థం వారికి తెలిసి ఉండకపోవచ్చు. కానీ వారు ఆ కీర్తనలను డప్పు మీద, తాళాల మీద, చిరుతల భజనలో, కోలాటంలో తమవి చేసుకున్నారు. రాగం కాస్త మారింది. నడక మారింది. మొర మాత్రం మారలేదు. కులాన్ని విడిచి వచ్చిన కవి పాటను, కులం పేరిట వెలివేయబడిన సంఘం బ్రతికించింది. చౌదరి గారి కీర్తనలకు మార్కులు వేసిన న్యాయనిర్ణేతలు వీరే. షీల్డు లేదు, బహుమతి లేదు, తీర్పు చెప్పడానికి నూరేళ్లకు పైగా పట్టింది.

అందుకే మేము అడుగుతున్నాము. ఆ సంఘాల మనవలు, మునిమనవలు ఈ రోజు తమ సొంత పాట కడితే వినడానికి మనం సిద్ధంగా ఉన్నామా?

బోధన్ పక్కన శక్కర్‌నగర్‌ను తలచుకోండి. నిజాంసాగర్ నీళ్లు వచ్చాక చెరకు వచ్చింది, 1937లో చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. ఆసియాలోనే పెద్దదని పేరు మోసింది. దాని సైరన్‌తో ఊరు లేచేది, దాని జీతంతో ఇళ్లు గడిచేవి. 2015 డిసెంబరులో, సరిగ్గా క్రిస్మస్ ముందు, అది మూతపడింది. పని పోయింది, పిల్లలు హైదరాబాదుకో గల్ఫుకో వెళ్లారు. ఒకప్పుడు నాలుగు వరుసలు నిండిన గాయక బృందం రెండు వరుసలకు తగ్గితే ఆ ఖాళీ అందరికంటే ముందు తెలిసేది హార్మోనియం దగ్గర కూర్చున్నవారికే. ఈ దుఃఖానికి, ఈ నిరీక్షణకు మన పాటల్లో చోటెక్కడ? యూట్యూబులో వచ్చిన పాటను ట్రాక్‌తో సహా దింపుకుని పాడితే మన మొర అందులో వినిపిస్తుందా? బబులోను నదుల దగ్గర కూర్చున్నవారు తమ ఏడుపును తామే పాటగా కట్టుకున్నారు. ఎవరి దగ్గరా అరువు తెచ్చుకోలేదు.

పోటీ అనగానే కొందరు పెద్దలు ముఖం చిట్లిస్తారు. దేవుని పాటకు పోటీ ఏమిటి, అది గర్వానికి దారి కాదా అని అడుగుతారు. ఆ భయం న్యాయమైనదే. దానికి జవాబుగా మరో జీవితం చెప్పనివ్వండి. వేల్స్ దేశంలో ఐస్తెద్‌వొద్ అనే కవితా సంగీత ఉత్సవాలు తరతరాలుగా జరుగుతున్నాయి. అక్కడ పాడేవారికే కాక పాట కట్టేవారికీ పోటీ ఉంటుంది. రాసినవారు మారుపేరుతో పంపిస్తారు. తీర్పు అయ్యేదాకా ఎవరిదో తెలియదు. 1841లో మెర్థిర్ టిడ్‌విల్ అనే ఇనుప కర్మాగారాల ఊళ్లో పుట్టిన జోసెఫ్ పారీ తొమ్మిదో ఏట గనిలోకి, పన్నెండో ఏట ఇనుప మిల్లులోకి పనికి వెళ్లాడు. 1854లో కుటుంబంతో అమెరికాకు వలసపోయి అక్కడా మిల్లులోనే పనిచేశాడు. తోటి కార్మికుల దగ్గర స్వరం రాయడం నేర్చుకున్నాడు. 1860లలో తాను కట్టిన సంగీతాన్ని సముద్రం ఇవతలికి పోటీలకు పంపితే బహుమతులు వచ్చాయి. అప్పుడు అతని జనం ఏం చేశారు? చప్పట్లు కొట్టి ఊరుకోలేదు. చందాలు వేసుకుని అతన్ని లండన్ సంగీత విద్యాలయంలో చదివించారు. 1874లో ఆబరిస్ట్‌విత్‌లో సంగీత ఆచార్యుడయ్యాడు. చార్లెస్ వెస్లీ కీర్తన ఒకదానికి పారీ కట్టిన రాగానికి ఆ ఊరి పేరే పెట్టారు. అది నేటికీ లోకమంతటా సంఘాల్లో పాడుతున్నారు. మిల్లు కార్మికుణ్ణి వెదికి పట్టింది పోటీ. నిలబెట్టింది సంఘం.

చౌదరి గారి జీవితం, పారీ జీవితం పక్కపక్కన పెట్టి చూసినప్పుడు మాకు కొన్ని సంగతులు తోచాయి. వాటిని పాస్టరేట్ కమిటీల ముందు, యవ్వనస్థుల సహవాసాల ముందు వినయంగా ఉంచుతున్నాము.

మొదటిది, పాట మీద పేరు లేకుండా తీర్పు జరగాలి. ఎవరి కొడుకు, ఏ పెద్ద మనవరాలు, ఏ కులం, ఏ ఊరు అన్నది తీర్పరికి తెలియకూడదు. యాకోబు తన పత్రికలో పక్షపాతాన్ని గూర్చి గద్దించింది సంఘంలో కూర్చునే చోటు గురించే. మార్కుల కాగితానికి కూడా అది వర్తిస్తుంది.

రెండవది, చివరి తీర్పు సంఘానికి వదలాలి. ఎంపికైన రెండు మూడు పాటలను గాయక బృందం నేర్చుకుని వరుసగా కొన్ని ఆదివారాలు సంఘం చేత పాడించాలి. ముసలమ్మలు అందుకోగలిగారా? పిల్లలు ఇంటికి వెళ్తూ హమ్ చేసుకున్నారా? మైకు పోయినా పాట నిలబడిందా? గొంతు ఎంతో పైకి లేస్తే గానీ అందని పాట కచేరీకి బాగుంటుంది, ఆరాధనకు పనికిరాదు.

మూడవది, వాక్యం సరిగా ఉండాలి. కొలొస్సయులకు రాసినప్పుడు పౌలు, క్రీస్తు వాక్యం మనలో సమృద్ధిగా నివసించడాన్నీ కీర్తనలతో ఒకరికొకరు బోధించుకోవడాన్నీ ఒకే చోట ముడివేశాడు. ప్రసంగం మరచిపోయినా పాట మరువం. కాబట్టి పాటలో తప్పు బోధ ఉంటే అది తరం దాకా నిలుస్తుంది. కాపరి ఒక్కరైనా ఆ చరణాలను బైబిలు పక్కన పెట్టుకుని చదవాలి.

నాలుగవది, మన మాటకు చోటివ్వాలి. ఇందూరు తెలుగులో రాస్తే తక్కువ మార్కులు వేయకూడదు. తండాల్లో లంబాడీలో ప్రార్థించేవారు, బోధన్ అవతల మరాఠీలో పాడేవారు మన సహోదరులే. చౌదరి గారు తన ఇంటి కీర్తనను దేవునికి ఇచ్చినట్టే వారి ఇంటి పాటను వారు ఇవ్వనివ్వండి.

ఐదవది, షీల్డు కొనే డబ్బు మిగిల్చి గెలిచినవారికి చదువు ఇప్పించండి. ఆరు నెలలు సంగీతం మాస్టారి దగ్గర ఫీజు, ఒక మంచి నిఘంటువు, స్వరం రాయడం నేర్పే ఏర్పాటు. ఓడినవారి కాగితాలు చెత్తబుట్టలో వేయకుండా, ఎక్కడ బాగుందో ఎక్కడ సరిచేయాలో నాలుగు మాటలు రాసి తిరిగి ఇవ్వండి. మొదటిసారి పాట రాసినవారికి ఆ నాలుగు మాటలే బహుమతి.

ఇంకొక చిన్న పని. ఈ ఆదివారం కీర్తనల పుస్తకం తెరిచినప్పుడు పాట కింద ఉన్న పేరు కూడా చదవండి. పాడేముందు కాపరి గారు ఆ పేరు ఒక్కసారి పలికితే పిల్లలకు తెలుస్తుంది, పాటలు ఆకాశం నుంచి ఊడిపడవని, మనవంటి మనుషులే కన్నీళ్లతో కట్టారని. ఆ పిల్లల్లో ఒకరు ఇంటికి వెళ్లి నోటుబుక్కు తీయవచ్చు.

ఇల్లు పోయి, బంధువులు పోయి, భార్య కూడా తోడు లేని ఒక ముప్పై ఏళ్ల మనిషి తన దగ్గర మిగిలిన ఒక్క విద్యను ప్రభువు పాదాల దగ్గర పెట్టాడు. ప్రభువు దాన్ని ఐదు రొట్టెల్లా విరిచి పంచాడు. తీరంలో మొదలైన ఆ పంపకం మంజీర ఒడ్డు దాకా వచ్చింది, మనమూ తిని తృప్తి పొందాము. రొట్టెలు తెచ్చే చిన్నవాడు ఈసారి మన సంఘంలోనే ఉన్నాడేమో. జనసమూహంలో వాణ్ణి గమనించి ప్రభువు దగ్గరకు తీసుకువచ్చిన అంద్రెయ పని మనది.

ప్రభువు మన సంఘాలకు కొత్త పాటను, దాన్ని వినే చెవిని దయచేయును గాక. ఆమేన్.